పాత రైఫిల్‌కు కొత్త తూటా: .45-70లో పీడనం లెక్క ఎక్కడ తప్పుతుంది

సంక్షిప్తంగా: పంతొమ్మిదో శతాబ్దపు రైఫిళ్లు బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) కోసం తయారైనవి. వాటి తూటాలు నేటికీ దొరుకుతున్నాయి, ఇంట్లో నింపుకొనేవారూ ఉన్నారు. ప్రమాదం గరిష్ఠ పీడనం అంకె ఒక్కదానిలోనే లేదు. పీడనం పెరిగేకొద్దీ మందు ఎలా ప్రవర్తిస్తుంది, కేసులో (తూటా ఇత్తడి గొట్టంలో) ఎంత జాగా ఖాళీగా మిగులుతుంది, కొలత ఘనపరిమాణంలోనా బరువులోనా అన్న మూడు ప్రశ్నల దగ్గరే చాలా తప్పులు జరుగుతాయి. అమెరికా సైన్యం 1873లో చేపట్టిన .45-70 తూటాను ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ మూడింటినీ వివరిస్తుంది.

ఒకే పేరు, మూడు బలాలు

అమెరికాలో తుపాకుల దుకాణంలో .45-70 తూటాలు అడిగితే ఒకే పేరుతో వేర్వేరు బలాల సరుకు కనిపిస్తుంది. పాత రైఫిళ్లకు సరిపడే మెత్తని తూటా ఒకటి. గట్టి లీవర్ రైఫిళ్ల కోసం ఘాటుగా నింపినది ఇంకొకటి. ఇవి కాక, ఆధునిక సింగిల్ షాట్ రైఫిళ్లు మాత్రమే తట్టుకోగల తూటాలు కూడా ఉన్నాయి. కొలతలన్నీ ఒకటే కాబట్టి మూడూ ఒకే చాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా ఉండే గదిలో) చక్కగా కూర్చుంటాయి. తప్పు తూటాను ఆపే అడ్డు తుపాకిలో ఏదీ లేదు.

ఈ తూటా పేరులోనే దాని కథ ఉంది. 45 అంటే గుండు వ్యాసం, అంగుళంలో నూరో వంతుల లెక్కన. 70 అంటే బ్లాక్ పౌడర్ బరువు, గ్రెయిన్లలో. 70 గ్రెయిన్లు అంటే సుమారు నాలుగున్నర గ్రాములు. దాని ముందు 405 గ్రెయిన్ల, అంటే 26 గ్రాముల సీసపు గుండు ఉండేది. సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో వెళ్లేది. గుర్రపు దళం వాడే పొట్టి కార్బైన్‌లో ఇదే తూటా భుజాన్ని గట్టిగా తన్నుతుందని మందును 55 గ్రెయిన్లకు తగ్గించారు. బలం తగ్గించిన తూటా, పూర్తి బలం తూటా ఒకే పేరుతో చెలామణి కావడం ఆనాడే మొదలైంది.

వీటిని పేల్చిన 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు ‘ట్రాప్‌డోర్’ అనే పేరు స్థిరపడింది. చాంబర్ వెనుక భాగం అటకకు పెట్టిన తలుపులా పైకి లేచి తెరుచుకుంటుంది. వెనుక ఒక చిన్న గొళ్లెం దాన్ని మూసి ఉంచుతుంది. ఆ కాలపు మెత్తని ఉక్కుతో, ఆనాటి మందుకు సరిపోయేలా తయారైన అమరిక ఇది. 1886లో వచ్చిన వించెస్టర్ లీవర్ రైఫిల్ ఇంతకంటే గట్టిది. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన సింగిల్ షాట్ రైఫిళ్లు మరింత గట్టివి. అందుకే రీలోడింగ్ చేతిపుస్తకాలు .45-70 పట్టికలను మూడుగా విడదీసి ముద్రిస్తాయి. మూడో పట్టికలోని అంకెను ట్రాప్‌డోర్‌కు వాడితే ఏమవుతుందో ఎవరూ ప్రయోగం చేసి చూడాల్సిన పని లేదు.

అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ ‘సామీ’ .45-70కి పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 28,000 పౌండ్లు. కారు టైరులో గాలి పీడనం అదే కొలతలో సుమారు 32. అంటే బలహీనమైనదిగా లెక్కించే ఈ తూటా కూడా టైరుకు దాదాపు తొమ్మిది వందల రెట్ల పీడనాన్ని షూటర్ ముఖానికి కొద్ది అంగుళాల దూరంలో పుట్టిస్తుంది. ఆధునిక .308 తూటా పరిమితి 62,000. ఈ రెండో అంకెకు అలవాటుపడినవారికి మొదటిది చిన్నదిగా తోచడమే చిక్కు.

రెండు మందుల నడక

బ్లాక్ పౌడర్ అంటే సూరేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరి, అచ్చుకట్టి, గింజలుగా విరిచినది. అది కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. కొంత పొగగా బయటికి పోతుంది, కొంత బ్యారెల్ లోపల మసిగా పేరుకుంటుంది. గుండును తోసే వాయువుగా మారేది సగం కంటే తక్కువే. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వీయే తయారుచేసిన పొగలేని మందు నైట్రోసెల్యులోజ్ ఆధారంగా పనిచేస్తుంది. అది దాదాపు పూర్తిగా వాయువుగా మారుతుంది. అదే బరువు మందు నుంచి చాలా ఎక్కువ పని రాబట్టవచ్చు.

బలంలో ఉన్న ఈ తేడా అందరికీ తెలిసిందే. దీనికన్నా ముఖ్యమైన తేడా మండే తీరులో ఉంది. పొగలేని మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి మారుతుంది. పీడనం రెట్టింపైతే వేగం కూడా రెట్టింపుకు దగ్గరగా వెళ్తుంది. వేగం పెరిగితే పీడనం పెరుగుతుంది, ఆ పీడనం మళ్లీ వేగాన్ని పెంచుతుంది. గుండు ముందుకు కదిలి జాగా ఇస్తున్నంతవరకు ఈ చక్రం అదుపులో ఉంటుంది. గుండు కాస్త బిగుతుగా ఉన్నా, మందు కాస్త ఎక్కువైనా పీడనం అదే పాళ్లలో పెరిగి ఆగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది.

బ్లాక్ పౌడర్‌కు ఈ గుణం చాలా తక్కువ. పీడనం పెరిగినా దాని వేగం పెద్దగా పెరగదు. ఎంత త్వరగా కాలుతుందన్నది ప్రధానంగా గింజ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకే దాన్ని ఎఫ్ అక్షరాల సంఖ్యతో శ్రేణులుగా విడదీసి అమ్ముతారు. ఒక ఎఫ్ ఉన్నది ముతక, నాలుగు ఉన్నది పొడిపొడి. .45-70 వంటి పెద్ద తూటాలకు సాధారణంగా ఒకటి లేదా రెండు ఎఫ్‌ల గింజ వాడతారు. గింజ సన్నబడేకొద్దీ కాలే ఉపరితలం పెరిగి, పీడనం త్వరగా పైకి లేస్తుంది.

ఇంకో సంగతి పాత బ్యారెళ్ల ఆకారంలోనే కనిపిస్తుంది. బ్లాక్ పౌడర్ గింజ కాలేకొద్దీ చిన్నదవుతుంది, కాలే ఉపరితలమూ తగ్గుతుంది. కాబట్టి పీడనం చాంబర్ దగ్గర త్వరగా శిఖరానికి చేరి, గుండు ముందుకు సాగేసరికి పడిపోతుంది. పొగలేని మందు గింజలకు నడుమ రంధ్రాలు పెట్టి, పైపూతలు పూసి, మంట నిలకడగా సాగేలా చేస్తారు. దాని పీడనం బ్యారెల్ పొడవునా ఎక్కువ దూరం నిలుస్తుంది. వెనుక మందంగా, ముందుకు పోయేకొద్దీ బాగా పలుచగా చేసిన పాత బ్యారెల్‌కు ఇదే కష్టం. శిఖర పీడనం రెండింటికీ ఒకటే అని కాగితం మీద చూపినా, మధ్యభాగంలో ఆ పలుచని ఇనుము మీద పడే భారం ఒకటి కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి చేసిన డమాస్కస్ బ్యారెళ్ల విషయంలో ఈ తేడాకు ప్రాధాన్యం ఎక్కువ.

నోబుల్, ఏబెల్ లెక్క

‘బ్లాక్ పౌడర్ ఎంత పోసినా ఒక హద్దు దాటి పీడనం పుట్టించలేదు’ అనే మాట తుపాకుల ప్రియుల్లో తరచు వినిపిస్తుంది. ఈ మాట తప్పని 1875 నాటికే రుజువైంది. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు బలమైన ఉక్కు పాత్రల్లో, వాయువు బయటికి పోయే దారి లేకుండా మందును పేల్చి కొలిచారు. మందు పాత్రను పూర్తిగా నింపినప్పుడు పుట్టిన పీడనం సుమారు 6,400 వాతావరణాలని, అంటే చదరపు అంగుళానికి 42 టన్నులని లెక్కతేల్చారు. బ్రిటిష్ టన్నుకు 2,240 పౌండ్లు కాబట్టి అది 94,000 పౌండ్లు దాటుతుంది. ఏ ఆధునిక రైఫిల్ పరిమితికన్నా ఇది ఎక్కువే.

మరి రైఫిల్‌లో ఆ పీడనం ఎందుకు కనిపించదు? గుండు కదులుతుంది కాబట్టి. మందు కాలుతుండగానే గుండు ముందుకు జరిగి, వాయువుకు జాగా పెంచుతూ పోతుంది. కదలాల్సినది కదలకపోతే తుపాకిని కాపాడే హద్దు ఏదీ ఉండదు. అంతకుముందు ఇరుక్కుపోయిన గుండు, బ్యారెల్‌లో చేరిన మట్టి, గడ్డకట్టిన మసి, ఏది అడ్డుపడినా అంతే. బ్లాక్ పౌడర్ తప్పులను కొంత ఓర్చుకుంటుందన్న మాట నిజమే కానీ, అది తూటా సరిగా కూర్చి, దారి తెరిచి ఉన్నంతవరకే నిజం.

కొలపాత్ర తెచ్చిన ముప్పు

బ్లాక్ పౌడర్‌ను శతాబ్దాలుగా ఘనపరిమాణంతో కొలిచారు. కొమ్ము మూత, ఇత్తడి గరిటె, కేసు నిండుగా పోయడం, ఇవే కొలమానాలు. కేసు నిండితే మోతాదు సరిపోయినట్టే. కేసు ఆకారమే మోతాదును కాపాడేది. పొగలేని మందుకు ఈ కాపలా లేదు. కేసును నిండుగా పోస్తే, చాలా రకాల మందులతో రైఫిల్ ముక్కలవుతుంది.

మారే కాలంలో తయారీదార్లే ఈ గందరగోళాన్ని పెంచారు. ‘బల్క్’ అనే రకం పొగలేని మందులు అప్పట్లో వచ్చాయి. పాత గరిటెతోనే కొలవగలిగేలా వాటిని ఉబ్బెత్తుగా తయారుచేశారు. కొనేవారు అలవాటు మార్చుకోనవసరం లేదన్నది ఉద్దేశం. తరువాత చిక్కని, ‘డెన్స్’ మందులు వచ్చాయి. అదే గరిటెతో వాటిని కొలిచినవారికి తుపాకులు పగిలాయి. షాట్‌గన్ తూటాల పెట్టెల మీద నేటికీ కనిపించే ‘డ్రామ్ ఈక్వివలెంట్’ అన్న అచ్చు ఆ కాలపు గుర్తే. ‘3 డ్రాములు’ అంటే, అంత బ్లాక్ పౌడర్ ఇచ్చే వేగానికి సమానమైన వేగం అని మాత్రమే అర్థం. ఒక డ్రామ్ 27 గ్రెయిన్ల పైచిలుకు. లోపల ఉన్న పొగలేని మందు బరువు అది కాదు. దాన్ని బరువుగా పొరబడినవారికి మరో తప్పు చేయాల్సిన పని లేదు.

బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే పైరోడెక్స్ వంటి మందులు ఇదే చిక్కును తిరగేసి చూపిస్తాయి. అవి తేలికైనవి. వాటిని బ్లాక్ పౌడర్‌తో సమాన ఘనపరిమాణంలో పోయాలి, సమాన బరువులో కాదు. తక్కెడలో 70 గ్రెయిన్లు తూచి పోస్తే మోతాదు మించిపోతుంది. తూచడమే జాగ్రత్త అని నమ్మేవారే ఇక్కడ పొరబడే అవకాశం ఎక్కువ.

రెండు మందులనూ కలిపి ఒకే కేసులో పోసే ‘డ్యూప్లెక్స్’ పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది. ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) దగ్గర చిటికెడు పొగలేని మందు, దానిపై బ్లాక్ పౌడర్. మసి తగ్గుతుందన్నది దాని లాభం. పీడనం ఎంతకు వెళ్తుందో ముందే చెప్పే పట్టిక లేకపోవడం నష్టం. ఆ లాభానికి ఈ వెల చాలా ఎక్కువ.

ఖాళీ జాగా

రెండు మందులూ ఖాళీ జాగా విషయంలో పూర్తిగా భిన్నంగా ప్రవర్తిస్తాయి. బ్లాక్ పౌడర్ తూటాలో గుండు అడుగు భాగం మందును తాకి ఉండాలి, నడుమ గాలి ఉండకూడదు. ఖాళీ ఉంటే, ఎగసిన వాయువు, కాలని గింజలు ముందుకు దూసుకెళ్లి, ఇంకా కదలని గుండు అడుగున ఢీకొంటాయి. ఆ చోట పీడనం ఒక్కసారిగా పోటెత్తి, బ్యారెల్ గోడ ఉంగరంలా ఉబ్బుతుంది. మోతాదు తగ్గించాలంటే మిగిలిన జాగాను అట్టబిళ్లతోనో నారతోనో నింపాలి. పాతకాలపు కర్మాగారాలు చేసిందీ ఇదే.

పొగలేని మందుతో చేసిన తక్కువ బలం తూటాలో కేసు చాలావరకు ఖాళీగానే ఉంటుంది. .45-70 కేసు పెద్దది. త్వరగా కాలే పిస్టల్ మందు కొద్దిగా పోస్తే అడుగున ఎక్కడో ఉండిపోతుంది. పొరపాటున రెండోసారి పోసినా, మూడోసారి పోసినా కేసు నిండదు, పైకి కనిపించదు. పాత రైఫిళ్లు పగలడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. అనుభవజ్ఞులు యాభై కేసులను చెక్కదిమ్మెలో నిలబెట్టి, గుండు పెట్టేముందు దీపం వెలుగులో ఒక్కో కేసు లోపలికీ తొంగిచూస్తారు. మందు మట్టం ఒక్కదానిలో ఎత్తుగా కనిపిస్తే దాన్ని ఖాళీ చేస్తారు. రెట్టింపు పోస్తే పొంగి బయటపడేంత గుల్ల మందును ఎంచుకోవడం ఇంకా మంచి మార్గం.

కేసు కూడా మారింది. తొలితరం కేసుల అడుగు పలుచని మడతతో లోపల గుల్లగా ఉండేది. ఇప్పటి కేసుల అడుగు దళసరిగా ఉంటుంది కాబట్టి లోపలి జాగా తక్కువ. అసలు మోతాదు 70 గ్రెయిన్లు ఇందులో పట్టాలంటే పొడవాటి గొట్టం గుండా సన్నధారగా పోసి, గింజలు సర్దుకున్నాక అచ్చుతో నొక్కాలి. పాత పుస్తకంలోని పొగలేని మందు మోతాదును ఇప్పటి కేసులో పోస్తే, జాగా తగ్గినందువల్ల పీడనం పెరుగుతుంది. ఇక పాత కేసుల్లో పాదరసపు ప్రైమర్లు వాడినవి ఉంటే, ఆ పాదరసం ఇత్తడిలోకి దిగి దాన్ని పెళుసుగా మారుస్తుంది. వాటిని అలమరలో జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు, నింపకూడదు.

కనిపించని హెచ్చరిక

ఇంట్లో తూటాలు నింపేవారిలో ఎక్కువమందికి పీడనం కొలిచే సాధనం ఉండదు. పేలిన కేసును చూసి అంచనా వేస్తారు. ప్రైమర్ చదునుగా నలిగిందా, కేసు చాంబర్‌లో పట్టేసిందా అన్నవి వారు చూసే గుర్తులు. ఈ అలవాటు ఆధునిక రైఫిళ్ల దగ్గర కొంతవరకు పనికొస్తుంది. పాత రైఫిల్ దగ్గర అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇత్తడి, ప్రైమర్ ఆ గుర్తులు చూపించే పీడనం ట్రాప్‌డోర్ తట్టుకునే పీడనానికి ఎంతో పైన ఉంటుంది. అంటే హెచ్చరిక రాకముందే హద్దు దాటిపోతుంది. ‘ప్రైమర్ బాగానే ఉంది, ఇంకాస్త పెంచవచ్చు’ అన్న తర్కానికి ఇక్కడ ఆధారం లేదు. పట్టికలో లేని మోతాదును పాత రైఫిల్‌లో వెతుక్కోవడానికి భద్రమైన దారి ఏదీ లేదు.

పట్టికలు చదవడంలోనూ ఒక చిక్కుంది. పాత పద్ధతిలో పీడనాన్ని రాగి దిమ్మె ఎంత నలిగిందో చూసి కొలిచేవారు, ఆ కొలత సీయూపీ. ఇప్పుడు స్ఫటిక సెన్సర్‌తో నేరుగా కొలుస్తున్నారు, అది పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. .45-70కి రెండు కొలతల్లోనూ పరిమితి 28,000 కాబట్టి అవి రెండూ ఒకటే అనిపిస్తుంది. .308కి మాత్రం 52,000 సీయూపీ, 62,000 పీఎస్‌ఐ. ఒకదాన్ని రెండోదానిలోకి మార్చే సూత్రం అన్ని తూటాలకూ వర్తించేది లేదు. పట్టిక ఏ కొలతలో ఉందో చూడకుండా అంకెలను పోల్చడం అర్థంలేని పని.

పీడనాన్ని నిర్ణయించేది మందు ఒక్కటే కాదు. గుండు బరువు పెరిగినా, లోహం గట్టిపడినా, కేసులోకి ఇంకొంచెం లోతుగా దిగినా అది పెరుగుతుంది. పాత సైనిక బ్యారెళ్ల లోపలి వ్యాసం ఒక్కో రైఫిల్‌లో ఒక్కోలా ఉంటుంది. మెత్తని సీసపు దిమ్మెను బ్యారెల్ గుండా తోసి, దాని మీద పడిన అచ్చును కొలవడం తూటా కూర్చడానికి ముందు జరగాల్సిన పని. ఆ కాలపు గుండ్లు సీసంలో కొద్దిగా తగరం కలిపి పోతపోసినవి. బ్రిటిష్ సైన్యపు మార్టిని-హెన్రీ రైఫిల్ గుండులో పన్నెండు పాళ్ల సీసానికి ఒక పాలు తగరం. పేలిన క్షణంలో ఆ మెత్తని గుండు వెనుక నుంచి నలిగి, బ్యారెల్ లోపల మెలికలుగా చెక్కిన గాళ్లను నింపుతుంది. గట్టి లోహపు తొడుగున్న గుండు ఇలా లొంగదు.

మసి, కొవ్వు

బ్లాక్ పౌడర్‌తోనే నింపేవారికి పీడనం తరువాతి సమస్య మసి. మందు ముందు తేనెమైనం, కొవ్వు కలిపిన పొర లేకపోతే నాలుగైదు తూటాలకే మసి గట్టిపడుతుంది. మార్టిని-హెన్రీ తూటాలో గుండు వెనుక తేనెమైనం బిళ్ల పెట్టింది ఇందుకే. నోటివైపు నుంచి నింపే 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు ఈ అవసరం ఇంకా ఎక్కువ. మసి మెత్తబడకపోతే తరువాతి గుండు లోపలికి దిగదు. ఆ కాగితపు తూటాకు పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానమే 1857లో భారతీయ సిపాయిల తిరుగుబాటును రాజేసింది. ఒక మందు రసాయన గుణం ఒక దేశ చరిత్రను అంత లోతుగా తాకిన సందర్భాలు అరుదు.

మసిలోని లవణాలు తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి. పేల్చిన రోజే సబ్బు నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఇత్తడి కేసులకూ అంతే. ఇంకొక తేడా నిల్వలో ఉంది. పొగలేని మందును బయట పోసి అంటిస్తే మండుతుంది. బ్లాక్ పౌడర్ మూసి లేకపోయినా ఒక్కసారిగా భగ్గుమంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే దాన్ని రవాణాలో, నిల్వలో పేలుడు పదార్థంగానే లెక్కిస్తారు.

భారతదేశంలో మిగిలిన రైఫిళ్లు

బ్రిటన్ అనుభవం అమెరికాకంటే కొంత క్రమబద్ధంగా నడిచింది. 1888లో .303 లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ మొదట బ్లాక్ పౌడర్‌తోనే సైన్యానికి చేరింది. కొద్ది ఏళ్లకే అదే తూటాలో కార్డైట్ అనే పొగలేని మందు నింపారు. కార్డైట్ వేడికి మెట్‌ఫర్డ్ బ్యారెల్‌లోని లోతు తక్కువ గాళ్లు అరిగిపోవడంతో 1895లో లోతైన ఎన్‌ఫీల్డ్ గాళ్లకు మారాల్సి వచ్చింది. వేట రైఫిళ్ల కోసం ‘నైట్రో ఫర్ బ్లాక్’ అనే తూటాలు తయారయ్యాయి. వాటిలో కార్డైట్ ఉన్నా, పీడనం పాత రైఫిల్ తట్టుకునేంతలోనే ఉండేలా మోతాదు తగ్గించారు. ఆ పూర్తి పేరు పెట్టె మీద లేకుండా ‘నైట్రో’ అని మాత్రమే ఉంటే, అది వేరే రైఫిల్‌కు ఉద్దేశించిన తూటా.

రాజసంస్థానాల కాలంలో బ్రిటన్ నుంచి దిగుమతైన జోడుగొట్టాల ‘ఎక్స్‌ప్రెస్’ వేట రైఫిళ్లు వారసత్వంగా కొన్ని కుటుంబాలకు చేరాయి. వాటి బ్యారెల్ అడుగున పరీక్షా కేంద్రం ముద్రలు ఉంటాయి. 1904 తరువాతి బర్మింగ్‌హామ్ ముద్రల్లో కిరీటం కింద ఎన్‌పీ అక్షరాలుంటే దాన్ని పొగలేని మందుతో పరీక్షించారని అర్థం. ఆ ముద్ర లేని బ్యారెల్‌ను బ్లాక్ పౌడర్‌దిగానే భావించాలి. ముద్ర ఉన్నా, అది పరీక్ష జరిగిన నాటి స్థితికే సాక్ష్యం. ఆ తరువాతి తుప్పు, అరుగుదల, మరమ్మతులను అది చెప్పదు.

అమెరికాలో తూటాలు నింపుకోవడం చట్టబద్ధమైన అభిరుచి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకులను అక్కడి కేంద్ర చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది. భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు. వారసత్వంగా వచ్చిన రైఫిల్‌కు లైసెన్సు ఉన్నా, అది తూటాలు నింపుకోవడానికి అనుమతి కాదు. అటువంటి రైఫిల్ ఇంట్లో ఉన్నవారు చేయదగినది దాన్ని అర్హుడైన తుపాకుల మిస్త్రీకి చూపించి ముద్రలు చదివించుకోవడం, అది ఏ మందు కోసం తయారైందో కాగితం మీద రాసి రైఫిల్‌తోపాటే భద్రపరచడం.